జరగని నేరానికి ఒక గడి

మా పెద్దమ్మ నేరాలు రాస్తుంది. చెయ్యదు, రాస్తుంది. నెలనెలా జీతం తీసుకుని, ఫ్యాన్ కింద కూర్చుని, దొంగతనాలూ తన్నులాటలూ మోసాలూ కల్పించి రాస్తుంది. ఆఫీసులో ఆవిడకి కథలమ్మ అని పేరు. మొదట్లో వెనక అనేవాళ్లు. ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, ఆవిడ కూడా పలుకుతోంది.

ఆవిడ పనిచేసేది గణాంకాల ఆఫీసులో. మూడో అంతస్తులో లిఫ్టు పక్కన నేరాల విభాగం అని ఒక గది ఉంది. దేశంలో ఏ పోలీస్ స్టేషన్లో ఏ కేసు నమోదైనా అది అంకెగా మారి చివరికి ఆ గదికి చేరాలి. అక్కడ దాన్ని ఏ గడిలో వెయ్యాలో చూస్తారు. దొంగతనానికి ఒక గడి, దోపిడీకి ఒక గడి, బెదిరింపుకి ఒక గడి. వినడానికి ఉతికిన బట్టలు ఎవరివి వాళ్లకి మడతపెట్టినంత తేలిగ్గా ఉంటుంది. సరే, ఒకడు తలుపు పగలగొట్టి ఇంట్లో దూరి, టీవీ ఎత్తుకుని, అడ్డొచ్చిన ముసలాయన్ని నెట్టేసి పోయాడనుకోండి. అది ఒక నేరమా, మూడు నేరాలా? మన దేశంలో వాటిల్లో పెద్దది ఒక్కటే లెక్క. పక్క దేశంలో మూడూ లెక్కే. ఇంకో దేశంలో దెబ్బతిన్నవాళ్లు ఎంతమందో చూస్తారు. మరోచోట కోర్టు మెట్లెక్కితే గానీ అసలు లెక్కలోకే రాదు. పేపరువాళ్లు మాత్రం ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టేసి ఫలానా దేశంలో దొంగలు రెట్టింపయ్యారని ఇంత లావు అక్షరాలతో వేస్తారు.

"దొంగలు రెట్టింపు కాదురా, అక్కడ లెక్కపెట్టేవాళ్లు ఒళ్లు దాచుకోరు, అంతే," అంటుంది పెద్దమ్మ పేపరు విసిరికొట్టి.

అందుకని తొమ్మిది దేశాలు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాయి. అందరూ ఒకే గడులు వాడాలి, ఎవరికి వారు గడులు చేర్చకూడదు, తీసెయ్యకూడదు అని ఒప్పందం. గడులు ఒకటే అయినంత మాత్రాన సరిపోదు, వాటిల్లో వేసే చేతులు కూడా ఒకేలా వెయ్యాలి కదా. అది చూడ్డానికి పరీక్ష పెడతారు. ఒకే నేరం కథని తొమ్మిది దేశాలకీ పంపి, ఎవరు ఏ గడిలో వేశారో పోల్చి చూస్తారు. మొదట్లో ఈ కథలు ఒక ప్రొఫెసరు రాసేవాడు. "ఒక వ్యక్తి మరొక వ్యక్తికి చెందిన వస్తువును అనుమతి లేకుండా తీసుకొనెను." తొమ్మిది దేశాలూ దొంగతనం గడిలో వేశాయి. అందరూ చప్పట్లు కొట్టుకున్నారు.

"ఇంత శుభ్రమైన నేరం ఎక్కడన్నా జరిగిందా?" అని మా పెద్దమ్మ అడిగింది. "నేరమంటే వదిన అడ్డొస్తుంది, కుక్క మొరుగుతుంది, ఎత్తుకెళ్లినవాడు సగం దారిలో మనసు మార్చుకుంటాడు." అని తను ఒక కథ రాసి పంపింది. తొమ్మిది దేశాల నుంచి ఏడు రకాల జవాబులొచ్చాయి. ఆ దెబ్బతో ప్రొఫెసరు తప్పుకున్నాడు, కథలు పెద్దమ్మ నెత్తిన పడ్డాయి.

ఇక ఇంటి సంగతి. ఒకే గేటు, రెండు వాటాలు. కింద పెద్దమ్మ, పెదనాన్న. పెదనాన్నకి వీధి మొదట్లో కళ్లజోళ్ల షాపుంది. పైన మేం. మా నాన్న స్కూలు వ్యాను నడుపుతాడు. పసుప్పచ్చ వ్యాను, ఎడం తలుపుకి సొట్ట. రోజూ దాన్ని సరిగ్గా గేటుకి అడ్డంగా పెడతాడు. రోజూ పొద్దున్నే పెద్దమ్మ స్కూటరు బయటికి రాదు. రోజూ గొడవే.

"మరిదీ! నీ పడవ జరుపు!"

"పడవ కాదు వదినా, పిల్లల రథం!"

"నీ రథం మొహం మండా, నాకు టైమవుతోంది!"

ఈ గొడవ అయితే గానీ వీధిలో సగంమంది గడియారాలు సరిచేసుకోరు.

స్కూళ్లు తెరవడానికి కొన్నాళ్ల ముందు, నాన్న తిప్పే స్కూలువాళ్లు కొత్త రూలు పెట్టారు. ప్రతి డ్రైవరూ పోలీసుల దగ్గర్నుంచి సర్టిఫికెట్ తేవాలి, అందులో ఒక్క కేసు కూడా ఉండకూడదు. ఉంటే ఆ రూటు ఇంకొకరికి. నాన్న ఈల వేసుకుంటూ వెళ్లాడు. జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. నోరు ఎత్తుతాడు, దానికి కేసు లేదు.

సాయంత్రం అందరం కింద వాటాలో టీ తాగుతుంటే వచ్చాడు. చేతిలో కాగితం. మొహం కందిపోయి ఉంది.

"కుర్చీ అంటాడే!" అన్నాడు.

"ఏం కుర్చీ?" అంది అమ్మ.

"నాకేం తెలుసు? నా మీద కేసుందట. సెలూన్ కుర్చీ ఎత్తుకుపోయానట!"

అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "ఎక్కడ పెట్టారు?"

"ఏంటి?"

"కుర్చీ. ఎక్కడ పెట్టారు? నిజం చెప్పండి, తిట్టను."

"ఏమే, నీకు మొగుడి మీద నమ్మకం లేదా?"

"మొగుడి మీద ఉంది. మీ కోపం మీద లేదు. దారికడ్డంగా పెట్టుంటాడు, మీరు ఎత్తి వ్యాన్లో పడేసుంటారు. అంతేనా?"

"అంతే రాశాడు!" అని నాన్న కాగితం ఊపాడు. "అచ్చం అంతే! దారికడ్డంగా ఉన్న సెలూన్ కుర్చీని వ్యాన్లో ఎక్కించుకుని, వీధి చివరిదాకా తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి దింపానట. దింపేటప్పుడు కుర్చీ చెయ్యి విరిగిందట. పైగా, 'ఇంకోసారి పెట్టావంటే కుర్చీతో పాటు నిన్నూ ఎక్కిస్తా గురూ' అన్నానట!"

"గురూ అన్నారంటే మీరే," అంది అమ్మ.

పెదనాన్న నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. నేనూ నవ్వాను. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ చేతిలో బిస్కెట్టు టీలో మునిగి, మెత్తబడి, ఊడి గ్లాసులో పడిపోయింది. చూసుకోలేదు.

"వ్యాను నంబరు?" అంది.

"నాదే! అక్షరం పొల్లుపోకుండా నాదే!"

"మరిదీ," అంది పెద్దమ్మ. "ఆ కుర్చీ నాది. ఆ మాట కూడా నేను రాసిందే."

అసలు జరిగింది ఇది. ఆ ఏడాది పరీక్ష కథల్లో కుర్చీ కథ ఒకటి. దొంగతనమా అంటే తిరిగి ఇచ్చేశాడు. ఆస్తి నష్టమా అంటే కావాలని విరగ్గొట్టలేదు. బెదిరింపా అంటే సరదాగా అన్నాడో నిజంగా అన్నాడో తెలీదు. తొమ్మిది దేశాలూ జుట్టు పీక్కున్నాయి. ఒక దేశం వాళ్లయితే మనిషిని ఎక్కిస్తానన్నాడు కాబట్టి కిడ్నాప్ ప్రయత్నం గడిలో వేశారట. పెద్దమ్మ ఆఫీసులో వారం రోజులు చెప్పుకుని నవ్వింది. కథ నిజంగా జరిగినట్టు ఉండాలంటే వ్యానుకి నంబరు కావాలి. ఆవిడకి జన్మలో నోటికొచ్చిన వ్యాను నంబరు ఒక్కటే. రోజూ పొద్దున్న గేటుకి అడ్డంగా కనపడేది.

తొమ్మిది దేశాలకి పంపిన కథలే మన దగ్గరా, మిగతా దేశాల్లోనూ స్టేషన్లకి కూడా పంపుతారు, కంప్యూటర్లో కేసులు ఎక్కించేవాళ్లు చెయ్యి తిరగడానికి. అందుకు విడిగా ప్రాక్టీసు స్క్రీన్ ఉంటుంది. మా పేట స్టేషన్లో కుర్చీ కథ పోయి అసలు స్క్రీన్లో కూర్చుంది. నంబరు పడింది. కేసైపోయింది.

మర్నాడు పెద్దమ్మని గేటు బయట పెట్టుకునే నా బండి మీద స్టేషన్‌కి నేనే తీసుకెళ్లాను. స్కూటరు బయటికి రాలేదు, ఎందుకో మీకు తెలుసు.

స్టేషన్లో కేసులు ఎక్కించే అమ్మాయి పెద్దమ్మని చూడగానే లేచి నిలబడింది. "మేడమ్, రెండు స్క్రీన్లకీ పైన పట్టీ రంగే తేడా. ప్రాక్టీసుది పచ్చ, అసలుది ఎరుపు. మా మానిటర్ పాతది మేడమ్. ఇందులో రెండూ బూడిదరంగే."

పెద్దమ్మ వంగి చూసింది. నిజమే. ఎర్ర పట్టీ, పచ్చ పట్టీ రెండూ తడిసిన సిమెంటులా ఉన్నాయి.

"పోనీ, చదివితే తెలీలేదా ఇది కల్పించిందని?"

"లేదు మేడమ్. చాలా నిజంగా ఉంది. చదివాక నాక్కూడా ఆ వ్యాను ఆయన మీద కోపం వచ్చింది."

పెద్దమ్మకి ఆ పిల్లని మెచ్చుకోవాలో కొట్టాలో తెలీలేదు. రచయితలకి ఇలాంటి పాఠకులు ఎక్కడోగానీ దొరకరు.

స్టేషన్ ఆఫీసరు లోపలికి పిలిచాడు. లావుపాటి మనిషి, నెమ్మది మాట. టీ తెప్పించాడు. ఆయన మొహంలో ఆనందం దాచుకుందామన్నా దాగడం లేదు.

"పోనీ తీసేద్దాం మేడమ్. ఎంతసేపు? ఒక్క మీట నొక్కితే పోయేది. కానీ ఆ మీట..." అని ఆగి, టీ గుటకేసి, "ఎవరో పెద్దలు తీసేయించారు కదా."

ఆ పెద్దలు మా పెద్దమ్మే. అంతకుముందు స్టేషన్లలో ఒక అలవాటుండేది. ఏడాది చివర్లో ఊడ్పు అనేవాళ్లు. పై నుంచి తిట్లు రాకుండా, తేలని కేసుల్లో కొన్నింటిని తీసేసి లెక్క అందంగా చేసేవాళ్లు. పెద్దమ్మ అంకెలు చూస్తూ చూస్తూ పట్టుకుంది. ప్రతి ఏడాదీ ఆఖరి నెలలో దొంగలంతా మూకుమ్మడిగా సెలవు పెట్టి అత్తారింటికి పోయినట్టు నేరాలు తగ్గిపోతున్నాయి. దెబ్బలు తిన్నవాళ్లు, గొలుసు పోయినవాళ్లు స్టేషన్‌కి వచ్చి అడిగితే, నీ కేసే లేదు పొమ్మంటున్నారు. ఆవిడ కాళ్లరిగేలా తిరిగి, పెద్ద పెద్ద వాళ్లతో పేచీలు పెట్టుకుని, ఒక రూలు తెచ్చింది. ఒకసారి నమోదైన కేసుని ఎవరూ తీసెయ్యకూడదు. ఆ మీటే ఉండకూడదు. అప్పట్నుంచి ఏ స్టేషన్లోనూ ఆవిడ పేరు ఎత్తితే మంచినీళ్లు పుట్టవు.

"మీకోసం ఒక దారుంది మేడమ్," అన్నాడు ఆఫీసరు కుర్చీ ముందుకి జరుపుకుని. "పైన సర్వరు చూసే కుర్రాడు మనవాడే. మీరు ఊఁ అనండి. పొద్దున్నకి కుర్చీ ఉండదు, వ్యానూ ఉండదు."

"ఇలా ఇంతకుముందు ఎవరికన్నా చేశాడా?"

"అబ్బే. మీరే మొదలు మేడమ్." నవ్వాడు. "మీ వెనకాల మేమంతా ఉన్నాం."

పెద్దమ్మ టీ తాగకుండా లేచింది.

ఇంట్లో నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఏమైందంటే చెప్పాను. ఆ కుర్రాడి సంగతీ చెప్పాను. నాకు కడుపులో మాట ఆగదు.

"మరింకేం! ఊఁ అనెయ్ వదినా!"

"అనను."

"నువ్వు రాసిన అబద్ధం. నువ్వు కొట్టెయ్యడానికి ఏం నొప్పి?"

"కొట్టేస్తే నా అబద్ధం ఒక్కటే పోదు మరిదీ. రేపు ఎవడి గొలుసు పోయినా ఆ కుర్రాడికి ఒక ఫోను కొడతారు. కథలమ్మ మరిదికి తీశావు, నాకెందుకు తియ్యవంటారు. ఊళ్లో నిజాలన్నీ ఆ కంతలోంచే పోతాయి."

"ఊళ్లో నిజాలు వచ్చి నా వ్యాను తోలతాయా?"

ఉన్న దారులన్నీ ఆవిడ ముందే వెతికింది. సాక్ష్యం లేదని కేసు మూసెయ్యొచ్చు. అప్పుడు సర్టిఫికెట్లో "అనుమానితుడు, సాక్ష్యం చాలలేదు" అని పడుతుంది. ఆ ముక్క చదివి ఏ తల్లి పిల్లని వ్యాను ఎక్కిస్తుంది? ఫిర్యాదు చేసినవాడు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోడానికి ఆ సెలూన్ ఆయన పుడితే కదా!

నాన్న విసురుగా గేటు దాటాడు. వెళ్లి వ్యాను స్టార్ట్ చేసి, తీసుకెళ్లి పక్క వీధిలో పెట్టాడు.

అలా మొదటిసారి మా గేటు ఖాళీ అయింది. పొద్దున్నే పెద్దమ్మ స్కూటరు తీసుకుని వచ్చింది, పడవా అని అరవబోయి ఆగింది. ఎదర ఎండ, ఖాళీ రోడ్డు. ఎవరో పొమ్మన్నట్టు మెల్లగా పోయింది. అమ్మ పై నుంచి చూస్తూ కూడా పలకరించలేదు. అంతకుముందు అక్కా అక్కా అని కొంగు పట్టుకు తిరిగేది. వీధిలో ఆ రోజు చాలామందికి లేటయింది.

స్కూళ్లు తెరిచే రోజు దగ్గరపడింది. స్కూలువాళ్లు రెండుసార్లు ఫోను చేశారు. ఇంకో వ్యాను ఆయన అప్పుడే ఆ రూటు పిల్లల ఇళ్లు చూసుకుంటున్నాడని తెలిసింది.

పెదనాన్నకి ఒక అలవాటుంది. షాపులో రోజంతా జనం కళ్ల ముందు అద్దాలు మార్చి ఇలా బాగుందా, అలా బాగుందా అని అడిగి అడిగి, ఇంట్లో కూడా అదే ధోరణి. ఆ ఆదివారం పెద్దమ్మ కూర కలపడం మర్చిపోయి గరిటె పట్టుకుని నిలబడి ఉంటే, స్టవ్ ఆపేసి అడిగాడు.

"కేసు తీసేస్తే బాగుందా, ఉంచేస్తే బాగుందా?"

"రెండూ మసగ్గానే ఉన్నాయండీ."

"అయితే మూడో అద్దం చూడాలి. అందరికీ రెండింట్లోనే దొరకదు."

"ఇది కళ్లజోడు కాదు."

"నాకు అన్నీ కళ్లజోళ్లే," అని ఆయన పోయి పేపరు చదువుకున్నాడు.

పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి, పీట వాల్చుకుని వంటింట్లోనే కూర్చుంది. మూడో అద్దం ఎక్కడుందో ఆవిడకి తెలుసు. ఆ అద్దాన్ని తొమ్మిది దేశాల ముందు కాలికింద వేసి తొక్కింది కూడా తనే.

బృందంలో ద్వీపం ఆయన అని ఒకాయన ఉన్నాడు. ఆయన దేశం ఒక ద్వీపం, మ్యాపులో వేలు పెడితే కనపడదు. అక్కడ ఒక ఏడాది ఒక హత్య, మరుసటేడు రెండు జరిగితే, హత్యలు రెట్టింపు అని ప్రపంచమంతా రాసేస్తారు. అంత చిన్న లెక్కలో ఒక్క తప్పుడు కేసు పడ్డా మొత్తం తల్లకిందులవుతుంది. ఒకసారి ఒకడు పడవ పోయిందని ఏడుస్తూ కేసు పెట్టాడట. తీరా చూస్తే బావమరిది తీసుకెళ్లి ఆ ఏడ్చినవాడి ఇంటి వెనకే కట్టేసి ఉంచాడు. అందుకని ఆయన ఏళ్ల తరబడి ఒకటే అడుగుతున్నాడు. నమోదైన కేసు విచారణలో అసలు జరగలేదని తేలితే, దానికి ఒక గడి పెట్టండి మహాప్రభో అని. ప్రతిసారీ మా పెద్దమ్మ అడ్డం పడేది. "అది గడి కాదు, పిడి ఉన్న చీపురు. మా స్టేషన్ల చేతికిస్తే ఏడాది చివర్లో దేశం మొత్తం ఊడ్చేస్తారు," అనేది. ఆవిడ ఒప్పుకోక ఆ గడి రాలేదు. ఇప్పుడు మనకి మనం సొంతంగా పెట్టుకుందామంటే, ఎవరికి వారు గడులు చేర్చకూడదని రాసి ఉంది. ఆ ముక్క రాయించిందీ ఈవిడే. దేవుడున్నాడు, నిద్రపోవట్లేదు.

బృందం మీటింగు కంప్యూటర్లో జరుగుతుంది. ఆ వారం మీటింగుకి పెద్దమ్మ ఆఫీసుకి వెళ్లకుండా, భోజనాల బల్ల మీదే కంప్యూటరు పెట్టుకుంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. మేమంతా వినాలని అనుకుంటా. నాన్న కిందికి రానన్నాడు. వచ్చి మెట్ల మీద కూర్చుని, తుడిచిన చెప్పులే మళ్లీ తుడుస్తున్నాడు. వాళ్లు మాట్లాడుకునే భాష తొమ్మిది మందికీ సగం సగమే వచ్చు కాబట్టి మెల్లగా మాట్లాడతారు. నాక్కూడా అర్థమైంది. కానిది తరవాత పెద్దమ్మ చెప్పింది.

"ద్వీపం వారు అడిగిన గడి పెట్టాలని నేను ప్రతిపాదిస్తున్నాను," అంది పెద్దమ్మ.

ద్వీపం ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "లైను బాగాలేదండీ. ఏమన్నారు?"

పెద్దమ్మ మళ్లీ చెప్పింది.

"మా దేశంలో గాలి ఎక్కువ. ఇంకొక్కసారి."

"మీ గడి మంచిదే బాబూ, నాదే పొరపాటు! వినపడిందా?"

"ఇప్పుడు బ్రహ్మాండంగా వినపడింది," అన్నాడాయన. తెర మీద అందరూ నవ్వారు.

మెడకి ఎప్పుడూ మఫ్లర్ చుట్టుకుని ఉండే చలిదేశం ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఇన్నాళ్లూ చీపురన్నారు. ఈ రోజు గడి ఎలా అయింది? ఏ కేసు మీ మనసు మార్చింది?"

ఇక్కడ ఏదన్నా చెప్పి తప్పించుకోవచ్చు. పెద్దమ్మకి కథలు అల్లడం కొత్త కాదు. ఆవిడ అల్లలేదు. కుర్చీ సంగతి, బూడిదరంగు పట్టీల సంగతి, తను వేసిన వ్యాను నంబరు సంగతి, అన్నీ చెప్పేసింది. "ఆ వ్యాను మా మరిదిది. ఈ గడి వస్తే మా ఇంటికి లాభం. అది తెలిసే మీరు ఓటు వెయ్యండి. మా కేసు మీద సంతకం మాత్రం నేను పెట్టను."

నాన్న చెప్పు తుడవడం ఆగిపోయింది.

"రేపు ప్రతి స్టేషనూ చెత్తంతా ఆ గడిలోనే పోస్తుంది," అంది చలిదేశం ఆవిడ.

"ఆ భయం ఇక్కడ అందరికన్నా నాకే ఎక్కువ. అందుకే తాళం నేనే చెప్తాను, వినండి. కేసు చెరపరు, ఉన్నచోటే ఉంటుంది. ఎందుకు జరగలేదో పక్కన రాయాలి. స్టేషన్ వాళ్ల సంతకం ఒక్కటే చెల్లదు, బయటి ఆఫీసు సంతకం ఉండాలి. మనిషి పేరు మీద మచ్చ పోతుంది, కేసు పోదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ గడిలో ఎన్ని పడ్డాయో మొదటి పేజీలోనే అచ్చు వెయ్యాలి. ఏ స్టేషన్లో ఆ గడి ఉబ్బిందో ఊరంతా చూస్తుంది. చూసినవాడు అడుగుతాడు."

ద్వీపం ఆయన మొహంలో వేళాకోళం పోయింది. "ఈ తాళం నాకు తట్టలేదు. ముందే చెప్పుంటే ఇన్నాళ్లు కొట్టుకునేవాళ్లం కాదు కదా?"

"ముందు మా మరిది మీద కేసు లేదు కదండీ."

మఫ్లర్ ఆవిడ మధ్యలో లేచి పోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాం. కాసేపటికి వచ్చి కూర్చుంది. మొహం ఎర్రబడి ఉంది.

"మీ కథల్లో గొడుగు దోపిడీ ఒకటుంది కదా? బస్సు ఆగే చోట పెద్దావిడ గొడుగు లాక్కుని, బదులు తన టోపీ ఇచ్చి పోయినవాడిది?"

"ఉంది. ఏం?"

"మా దగ్గర అది ఇంకా దర్యాప్తులో ఉంది. టోపీ బొమ్మ గీయించి పేపర్లో కూడా వేశారు."

ఆ తరవాత ఏమైందో చెప్పక్కర్లేదు. తొమ్మిది దేశాల వాళ్లూ ఎవరి కంప్యూటర్లో వాళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు. మరో దేశంలో పెద్దమ్మ కల్పించిన కోడిపుంజు మోసం దొరికింది. పెద్దమ్మ తల పట్టుకుంది. ఇన్నేళ్లూ ప్రపంచంలో నేరాలు సరిగ్గా లెక్కపెట్టాలని పాటుపడిన మనిషి, తన చేత్తో ఇన్ని దేశాల్లో నేరాలు పెంచింది. గడి ఒప్పుకోడానికి ఆ తరవాత ఎవరూ పేచీ పెట్టలేదు. ఒక ఏడాది వాడి చూద్దామన్నారు. ప్రాక్టీసు కథల మీద అడ్డంగా, రంగుతో పని లేకుండా, పెద్ద అక్షరాలతో "కల్పితం" అని ఉండాలని కూడా రాసుకున్నారు. తొమ్మిది మంది చదువుకున్నవాళ్లు, ఇంతకుముందు ఒక్కరికీ తట్టలేదు.

మీటింగయ్యాక మెట్ల వైపు చూశాం. నాన్న లేడు.

మిగిలింది బయటి సంతకం, అంటే గణాంకాల ఆఫీసుది. పెద్దమ్మ ఫైలు తన డైరెక్టరు బల్ల మీద పెట్టి, మా ఇంటి మనిషి కేసు సార్, మీరే చూడాలి అని బయటికొచ్చి నిలబడిందట. ఆయన ఇదివరకు ఎప్పుడూ ఆవిడ కథలు చదవలేదు. తలుపు లోపల్నుంచి ముందు దగ్గు వినపడింది, తరవాత నవ్వు. పిలిచి ఒక్కటే అడిగాడట. "కుర్చీకి విరిగింది ఏ చెయ్యమ్మా? రాయలేదు." అడిగి సంతకం పెట్టాడు.

స్కూలు తెరవడానికి ముందు రోజు నాన్నకి కొత్త సర్టిఫికెట్ వచ్చింది. కేసులు అన్నచోట ఏమీ లేదు. తెల్లగా ఉంది. నాన్న దాన్ని స్కూల్లో ఇచ్చేసి వచ్చాడు, పెద్దమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఒళ్లు మండింది. అంత బెట్టేంటి?

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ స్కూటరు తోసుకుంటూ గేటు తీసింది. ఎదర ఎండ లేదు. పసుప్పచ్చగా ఉంది. సొట్ట తలుపు సరిగ్గా ఆవిడ ముక్కుకి ఎదురుగా ఉంది.

పెద్దమ్మ కాసేపు ఆ సొట్ట వంకే చూసింది. గొంతు సవరించుకుంది.

"మరిదీ! నీ పడవ జరుపు!"

"రథం వదినా, రథం!" పైనుంచి కేక. అప్పటికే తయారై మెట్ల మీద కాచుక్కూచున్నాడు దొంగ.

ఏడాది తిరిగాక లెక్కల పుస్తకం అచ్చయి వచ్చింది. మొదటి పేజీలో అడుగున కొత్త వరస ఉంది: నమోదైనవి, జరగనివి. ఆ అంకె మీద పెద్దమ్మకి ఇప్పటికీ అనుమానమే. ఏ స్టేషన్ ఎన్ని వేసిందో పెన్సిల్ పెట్టి చూస్తూ ఉంటుంది. మా పేట స్టేషన్‌కి ఒక్కటే ఉంది. ఆ ఆఫీసరుకి మొదటి పేజీ అంటే భయం.

నాన్న పుస్తకం లాక్కుని వేలు పెట్టి వెతికాడు. "ఇందులో నేనెక్కడున్నాను?"

"నువ్వు లేవు మరిదీ. కుర్చీ ఉంది."

నాన్న ఆ ఒకటి అనే అంకె మీద వేలితో కొట్టాడు. "అయినా వదినా, ఒక మాట. కోపమొస్తే కుర్చీ ఎత్తేవాణ్ణేగానీ, చెయ్యి విరగ్గొట్టేవాణ్ణి కాదు నేను. అది మాత్రం నువ్వు బాగా రాయలేదు."

"సరే, ఈసారి మారుస్తాను," అంది పెద్దమ్మ.

ఆవిడ ఇప్పుడు రాసే కథల్లో బండి ఎప్పుడొచ్చినా తన స్కూటరు నంబరే వేస్తోంది.